ఆ విమానం బొమ్మ గీయాలంటే ఎవర్నడగాలి?

మా అక్క కొడుకు మొన్నామధ్య రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు.

"మామయ్యా, పడుకున్నావా? ఒక్క డౌటు. లిబరేటర్ విమానం ఎవరిది?"

"ఎవరిదేంట్రా? అమెరికా వాళ్లది. కన్సాలిడేటెడ్ అనే కంపెనీ తయారుచేసింది" అన్నాను నిద్రమత్తులో.

"ఆ కంపెనీ ఇప్పుడుందా?"

"లేదు."

"మరి నేనెవర్ని పర్మిషన్ అడగాలి?"

దాంతో నా నిద్ర కాస్తా వదిలిపోయింది. వాడు మాదాపూర్‌లో ఓ చిన్న గది అద్దెకు తీసుకుని, ఇద్దరు స్నేహితులతో కలిసి మొబైల్ గేమ్ తయారుచేస్తున్నాడు. కాన్పూర్‌లో తుక్కుగా పడి ఉన్న రెండో ప్రపంచయుద్ధం నాటి బాంబర్ విమానాన్ని ఆటగాడు ముక్కా ముక్కా బిగించి, మరమ్మతు చేసి, బెంగళూరు దాకా ఎగరేసుకుపోవాలి. అదీ ఆట. ఎనిమిది నెలల కష్టం. ఓ విదేశీ పబ్లిషర్ తీసుకుంటానన్నాడు కానీ ఒప్పందంలో ఒక షరతు పెట్టాడు. గేములో కనిపించే ప్రతి వాహనం డిజైన్ మీదా తమకు హక్కు ఉందని ముగ్గురూ సంతకం చేసివ్వాలి. రేపు ఎవరైనా దావా వేస్తే నష్టపరిహారం వీళ్లే కట్టుకోవాలి.

"ఎనభై ఏళ్ల కిందటి విమానం మామయ్యా! అమెరికా ప్రజల పన్నులతో కట్టింది. అది ఇంకా ఒకరి సొత్తేనా?" అన్నాడు.

చిన్నప్పట్నుంచీ విమానాల పిచ్చి ఉన్నవాణ్ని. ఏ విమానానికి ఎన్ని ఇంజన్లో, ఏ ఏడు ఎగిరిందో చెప్పమంటే చెబుతాను కానీ, ఈ ప్రశ్న మాత్రం నాకెప్పుడూ తట్టలేదు. తవ్వడం మొదలుపెట్టాను.

కాన్పూర్ తుక్కు

ముందు మావాడి కథలోని అసలు కథ చెప్పాలి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా తన మిత్రదేశాలకు లెండ్ లీజ్ అనే ఏర్పాటు కింద విమానాలు ఇచ్చింది. అలా బ్రిటిష్ వాయుసేనకు వచ్చినవే బీ-24 లిబరేటర్లు. యుద్ధం అయిపోగానే వాటిని తిరిగివ్వాలి, లేదా పనికిరాకుండా చెయ్యాలి. మన దేశంలో ఉన్నవాటిని కాన్పూర్ డిపోలో పోగేసి, మళ్లీ ఎవరూ ఎగరేయకుండా పాడుచేసి వెళ్లిపోయారు.

1948లో కొత్త దేశానికి బాంబర్లు కావాలి, చేతిలో డబ్బు లేదు. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు, అంటే నేటి హెచ్‌ఏఎల్, ఆ తుక్కులో దిగారు. దీని రెక్క దానికి, దాని ఇంజన్ దీనికి వేసి, ఎగరగలిగేంతవరకు అక్కడే బాగుచేసి బెంగళూరు చేర్చారు. కంపెనీ టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని నడుపుకుంటూ తీసుకొచ్చాడు. అక్కడ పూర్తిగా మరమ్మతు చేశాక ఆ ఏడాది చివర్లోనే వాయుసేన 5వ స్క్వాడ్రన్‌లో చేరాయి. అలా నలభై దాకా విమానాలు తిరిగి ప్రాణం పోసుకుని, 1968 వరకూ మనకు సేవచేశాయి. ఇప్పుడు ఢిల్లీ పాలంలో, లండన్‌లో, అమెరికాలోని అరిజోనాలో మ్యూజియాల్లో నిలబడి ఉన్న లిబరేటర్లు కాన్పూర్ తుక్కులోంచి లేచినవే.

మరి వాటిని బాగుచేయడానికి డిజైన్ హక్కుదారుల అనుమతి కావాలా? అక్కర్లేదు. చేతిలో ఉన్న వస్తువుని బాగుచేసుకోవడం వేరు, దాని డిజైన్ చూసి కొత్తది తయారుచేయడం వేరు. మన స్కూటర్‌ని మన వీధి మెకానిక్ బాగుచేస్తే కంపెనీ వాళ్లొచ్చి అడగరు కదా! విమానం మీద హక్కు, విమానం డిజైన్ మీద హక్కు రెండూ ఒకటి కావన్నది నేను నేర్చుకున్న మొదటి పాఠం.

లింకు డాక్యుమెంట్లు తీస్తే...

మనం స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు అడుగుతాం. ఎవరి దగ్గర్నుంచి ఎవరికి వచ్చిందో ముప్పై ఏళ్ల చరిత్ర చూస్తాం. లిబరేటర్‌కి కూడా అలాగే చూద్దామని కూర్చున్నా.

శాన్‌డియాగోలోని కన్సాలిడేటెడ్ కంపెనీ దీన్ని రూపొందించింది. 1939 డిసెంబర్ 29న మొదటిసారి ఎగిరింది. 1943లో కన్సాలిడేటెడ్, వల్టీ కంపెనీలు కలిసిపోయి, వాడుకలో కాన్వెయిర్ అయ్యాయి. 1950ల్లో అది జనరల్ డైనమిక్స్ చేతికి పోయింది. ఆ సంస్థ 1990ల్లో పంపకాలు పెట్టింది. ఫోర్ట్‌వర్త్‌లోని యుద్ధవిమానాల విభాగాన్ని 1993లో లాక్‌హీడ్‌కి, విమాన భాగాలు చేసే విభాగాన్ని మరుసటి ఏడు మెక్‌డొనెల్ డగ్లస్‌కి అమ్మింది. లాక్‌హీడ్ 1995లో లాక్‌హీడ్ మార్టిన్ అయ్యింది. మెక్‌డొనెల్ డగ్లస్ 1997లో బోయింగ్‌లో కలిసిపోయింది. తాత ఆస్తి పంచుకున్న మనవళ్లలో ఎవరి వాటాకి ఏ కాగితం వెళ్లిందో, ఆ అమ్మకపు ఒప్పందాలు తెరిచి చూస్తే తప్ప తేలదు.

పోనీ, కన్సాలిడేటెడ్ ఒక్కటే దీనికి కర్తా అంటే అదీ కాదు. లిబరేటర్‌కి ఆ పేరుప్రతిష్ఠలు తెచ్చిన సన్నటి పొడవాటి రెక్క డేవిడ్ డేవిస్ అనే స్వతంత్ర పరిశోధకుడిది. ఆ ఆకృతికి ఆయన పేటెంట్ తీసుకుంటే, కంపెనీ లైసెన్స్ మీద వాడుకుంది. ఇంజన్లు ప్రాట్ అండ్ విట్నీవి. కట్టిందీ ఒక్క కన్సాలిడేటెడ్ కాదు. డగ్లస్, నార్త్ అమెరికన్‌తో పాటు కార్ల కంపెనీ ఫోర్డ్ కూడా కట్టింది. మిషిగన్‌లోని విలో రన్ ఫ్యాక్టరీలో, పని జోరుగా ఉన్న రోజుల్లో దాదాపు గంటకో విమానం బయటికి వచ్చేది. అన్నీ కలిపి 18 వేలకు పైగా. వీటన్నిటికీ డబ్బు కట్టింది ప్రభుత్వం.

తమాషా ఏంటంటే, పేరు కూడా కంపెనీది కాదు. 'బీ-24' అని నంబరు వేసింది అమెరికా సైన్యం. 'లిబరేటర్' అని పిలిచింది బ్రిటిష్ వాళ్లు.

ఒక హక్కు కాదు, నాలుగు

డిజైన్ హక్కు అని మనం ఒకే మాటలో అనేస్తాం కానీ, చట్టం దాన్ని నాలుగు ముక్కలుగా చూస్తుంది.

మొదటిది పేటెంట్. కొత్తగా కనిపెట్టిన పనితనానికి ఇచ్చేది. డేవిస్ రెక్క లాంటిదన్నమాట. అప్పట్లో అమెరికాలో మంజూరైన రోజు నుంచి 17 ఏళ్లు. ఇప్పుడు మన దగ్గరా, అక్కడా దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 ఏళ్లు. ఎలా లెక్కేసినా రెండో ప్రపంచయుద్ధం నాటి పేటెంట్లన్నీ ఎప్పుడో తీరిపోయాయి.

రెండోది రూపం. వస్తువు కంటికి కనిపించే తీరు. మన దేశంలో రిజిస్టర్ చేయించుకుంటే పదేళ్లు, పొడిగిస్తే ఇంకో అయిదేళ్లు. అమెరికాలో అయితే, పనికొచ్చే వస్తువు ఆకారానికి కాపీరైట్ సాధారణంగా దొరకదు. రెక్క అలా ఉన్నది అందం కోసం కాదు, ఎగరడం కోసం.

మూడోది కాగితాలు. ఇంజనీర్లు గీసిన డ్రాయింగులు, రాసిన మాన్యువళ్లు. వీటికి కాపీరైట్ ఉండొచ్చు, అది పేటెంట్ కన్నా చాలా ఎక్కువ కాలం బతుకుతుంది. అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు తమ విధుల్లో భాగంగా రాసినవాటికి అక్కడ కాపీరైట్ లేదు. కానీ కంపెనీ ఉద్యోగులు గీసినవాటి సంగతి ఒప్పందాన్ని బట్టి మారుతుంది.

నాలుగోది పేరు. ట్రేడ్‌మార్క్. దీనికి మాత్రం చావు లేదు. వాడుకలో ఉంచుతూ, పదేళ్లకోసారి ఫీజు కడుతూ పోతే వందేళ్లయినా నిలుస్తుంది.

కాలం గడిచేకొద్దీ మొదటివి రెండూ రాలిపోతాయి, మూడోది పాతబడుతుంది, నాలుగోది మిగులుతుంది. ఇవాళ్టి తగవులు ఎక్కువగా ఈ నాలుగోదాని దగ్గరే.

యుద్ధం వస్తే తాళాలు పగులుతాయి

హక్కు ఉన్నంత మాత్రాన యుద్ధకాలంలో అది చెల్లుతుందా? రైట్ సోదరుల కథే చూడండి. 1906లో వాళ్లకు పేటెంట్ వచ్చింది. ఆ తర్వాత గ్లెన్ కర్టిస్‌తో ఏళ్లతరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగేసరికి, ఎవరు విమానం కట్టినా ఎవరో ఒకరు దావా వేసే పరిస్థితి. ప్రభుత్వం ఒత్తిడి తెచ్చి, కంపెనీలన్నిటినీ ఒక సంఘంగా చేసి, అందరి పేటెంట్లూ ఒకే కుండలో పోయించింది. విమానానికి 200 డాలర్లు కట్టి ఎవరైనా వాడుకోవచ్చు. అందులో 135 డాలర్లు రైట్ పేటెంట్లున్న కంపెనీకి, 40 కర్టిస్ కంపెనీకి. పదేళ్లలో కోర్టులు తేల్చలేనిది యుద్ధం కొన్ని నెలల్లో తేల్చేసింది.

1918లో అమెరికా చట్టాన్ని కూడా సవరించింది. ప్రభుత్వం కోసం వస్తువు తయారుచేసే కంపెనీ మీద పేటెంట్‌దారు దావా వేసి పని ఆపలేడు. ప్రభుత్వం మీద పరిహారం కోసం వెళ్లాలి, అంతే. మన 1970 పేటెంట్ల చట్టంలోనూ ప్రభుత్వ అవసరాలకు పేటెంట్‌ని వాడుకునే వీలు ఉంది.

ఇది సొంత దేశం సంగతి. శత్రువు సంగతో? జపాన్ కంపెనీలు 1938లో అమెరికా నుంచి డీసీ-3 విమానం లైసెన్స్ దర్జాగా డబ్బు కట్టి కొనుక్కున్నాయి. మూడేళ్ల తర్వాత రెండు దేశాలకీ యుద్ధం. అమెరికా అమ్మిన డిజైన్‌తో కట్టిన దాదాపు 500 రవాణా విమానాలు జపాన్ నౌకాదళానికి సేవచేశాయి. మిత్రసేనలు వాటికి 'ట్యాబీ' అని సంకేతనామం పెట్టుకుని, సొంత డకోటాలకీ వాటికీ తేడా కనిపెట్టలేక అవస్థపడ్డాయి.

మిత్రుడి కథ ఇంకా విచిత్రం. 1944లో జపాన్ మీద దాడికి వెళ్లిన అమెరికా బీ-29 బాంబర్లు కొన్ని తిరిగి వెళ్లలేక సోవియట్ గడ్డ మీద దిగాయి. పైలట్లు తర్వాత ఇల్లు చేరారు కానీ, విమానాలు చేరలేదు. అచ్చం అలాంటిదే కావాలని స్టాలిన్ హుకుం. టుపొలెవ్ బృందం ఒకదాన్ని మేకుతో సహా విప్పింది. అమెరికా కొలతలు అంగుళాల్లో, సోవియట్ రేకులు మిల్లీమీటర్లలో. పదహారో వంతు అంగుళం మందం రేకు కావాలంటే ఎక్కడ దొరుకుతుంది? దాని కోసం కుస్తీలు పట్టి మొత్తానికి కట్టారు. 1947 ఆగస్టులో మాస్కో ప్రదర్శనలో మూడు విమానాలు ఎగిరాయి. అవి అమెరికావేనేమో అనుకునేలోపు, అదే రెక్కలతో ప్రయాణికుల కోసం కట్టిన నాలుగోది వచ్చింది. సొంతంగా కడుతున్నారని అప్పుడర్థమైంది. రాయల్టీ మాటే లేదు. ఏ కోర్టుకి వెళ్తారు?

గీసినవాడికి ఏం దక్కింది?

కంపెనీలు, ప్రభుత్వాలు సరే. తల బద్దలుకొట్టుకుని గీసిన మనిషి సంగతేంటి? ఫ్రాంక్ విటిల్ కథ చదివాక మనసు అదోలా అయిపోయింది. బ్రిటిష్ వాయుసేనలో కుర్ర అధికారి. 1930లో జెట్ ఇంజన్‌కి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. 1935లో దాన్ని కొనసాగించాలంటే అయిదు పౌండ్ల ఫీజు కట్టాలి. ప్రభుత్వం కట్టనంది, ఆయన దగ్గర లేవు. పేటెంట్ పోయింది. తర్వాత కొందరి సాయంతో పవర్ జెట్స్ అనే కంపెనీ పెట్టి ఇంజన్ తిప్పి చూపించాడు. 1944లో ప్రభుత్వం ఆ కంపెనీని జాతీయం చేసింది. 1948లో ఆవిష్కర్తల పురస్కారాల కమిషన్ ఆయనకు లక్ష పౌండ్లు ఇచ్చింది. మర్యాద దక్కిందనే చెప్పాలి. కానీ అది హక్కుగా వచ్చింది కాదు, ఇచ్చింది.

స్పిట్‌ఫైర్‌ని రూపొందించిన మిచెల్‌కి ఆ మాత్రం కూడా లేదు. 1936 మార్చిలో ఆ విమానం ఎగరడం చూశాడు. మరుసటి ఏడు జూన్‌లో క్యాన్సర్‌తో 42 ఏళ్లకే పోయాడు. ఆయన ఉద్యోగి. గీసింది కంపెనీది. తర్వాత 20 వేలకు పైగా స్పిట్‌ఫైర్లు వచ్చాయి.

ఆ గీతలైనా భద్రంగా ఉంటాయా అంటే, అదీ అదృష్టమే. చెక్కతో కట్టిన బ్రిటిష్ విమానం మస్కిటో గురించి వినే ఉంటారు. దాన్ని చేసిన డి హావిలాండ్ కంపెనీ ఒకదానిలో ఒకటి కలుస్తూ పోయి, చెస్టర్ దగ్గర దాని ఫ్యాక్టరీ చివరికి ఎయిర్‌బస్ చేతికొచ్చింది. 2017లో అక్కడ ఓ పాత భవనం కూల్చబోతుండగా ఒక ఇంజనీరు కంటపడ్డాయి, చిన్న చిన్న ఫిల్ము కార్డుల మీద 20 వేలకు పైగా మస్కిటో డ్రాయింగులు! ఇంకాస్త ఆగితే మట్టిలో కలిసేవే. ఎయిర్‌బస్ వాటిని, మస్కిటోని మళ్లీ ఎగరేయాలని శ్రమపడుతున్న ఓ స్వచ్ఛంద సంస్థకు ఇచ్చేసింది. యజమాని ఎవరన్న ప్రశ్న కన్నా, దాచిపెట్టినవాడెవరన్న ప్రశ్న ఒక్కోసారి పెద్దది.

పేరు దగ్గర పేచీ

ఇక మావాడి అసలు భయం దగ్గరికి వద్దాం. సుమారు ఇరవై ఏళ్ల కిందట అమెరికాలో ఓ చిత్రకారుడు కంప్యూటర్‌లో బీ-24 బొమ్మ తయారుచేసి, ఓ వెబ్‌సైట్‌లో అమ్మకానికి పెట్టాడు. 'బీ-24' మా ట్రేడ్‌మార్క్ అంటూ లాక్‌హీడ్ మార్టిన్ తరఫున అభ్యంతరం వచ్చింది, వెబ్‌సైట్ బొమ్మ తీసేసింది. డిజిటల్ హక్కుల కోసం పోరాడే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆయన పక్షాన నిలిచింది. సైన్యం వేసిన నంబరు, యుద్ధంలో ఎగిరిన విమానం. దాన్ని దాని పేరుతో కాక మరేమని పిలవాలి?

ప్లాస్టిక్ బొమ్మల కిట్లు చేసేవాళ్లకూ ఇదే బెడద. చిన్న కంపెనీకి లైసెన్స్ ఫీజు కన్నా ఎక్కువ భయం వకీలు ఫీజు. ప్రజల సొమ్ముతో తయారైన సైనిక వాహనాల బొమ్మలకు భారీ ఫీజులేంటని 2007లో న్యూజెర్సీ ప్రతినిధి ఒకరు అమెరికా సభలో బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.

కంపెనీల వాదన కూడా పూర్తిగా కొట్టిపారేయలేం. తమ పేరు పెట్టుకుని ఎవరో నాసిరకం సరుకు అమ్మితే పోయేది తమ పరువే. ట్రేడ్‌మార్క్‌ని కాపాడుకోకపోతే అది బలహీనపడుతుంది కూడా. అయితే కొన్నవాడు పొరబడతాడా అన్నదే అసలు పరీక్ష. 'కాల్ ఆఫ్ డ్యూటీ' గేములో హమ్వీ సైనిక వాహనాలు వాడారని దాని తయారీదారు ఏఎం జనరల్ దావా వేస్తే, 2020లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు గేము కంపెనీ వైపే తీర్పిచ్చింది. వాస్తవికత కోసం నిజమైన వాహనాన్ని చూపించడం కళాత్మక అవసరమే, ఆడేవాడు ఆ గేముని వాహన కంపెనీ చేసిందని అనుకోడు అన్నది దాని సారాంశం. అది మన కోర్టులు పాటించి తీరాల్సిన తీర్పు కాదు, కానీ దారి చూపిస్తుంది.

డబ్బు కట్టింది మనమూనూ

ఇదంతా చదువుతుంటే మన హైదరాబాద్ గుర్తొచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో 1918లో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కి డీహెచ్-9ఏ విమానాలు ఇచ్చింది నిజాం. అందుకే దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ కూడా హైదరాబాద్ పేరు మోసింది. దాని చిహ్నం మీద నిజాం తలపాగా ఉంటుంది. నిజాం ఖజానాలోకి ఆ డబ్బు ఎక్కణ్నుంచి వచ్చింది? మన ఊళ్ల శిస్తుల్లోంచేగా!

ఆ 1918 విమానాల్లో ఒకటి జర్మన్లకు చిక్కి, బెర్లిన్ మీదుగా పోలండ్ చేరి, 1977లో ఓ స్పిట్‌ఫైర్‌కి బదులుగా లండన్‌లోని వాయుసేన మ్యూజియానికి తిరిగొచ్చింది. దాని మీద ఇప్పటికీ హైదరాబాద్ నిజాం బహూకరించినదని రాసి ఉంటుంది. డిజైన్ ఒకరిది, సొమ్ము ఇంకొకరిది, పట్టుకుపోయింది వేరొకరు, దాచింది మరొకరు. ఆ ఒక్క విమానానికే ఇంతమంది బంధువులు.

మావాడికి తెలిసినంతలో ఇలా చెప్పాను. పేటెంట్ల గురించి, రూపం గురించి బెంగపడకు. డ్రాయింగులు ఎవరివో కాపీ కొట్టకు, పాలం మ్యూజియానికి పోయి కళ్లారా చూసి సొంతంగా గీసుకో. లిబరేటర్ పేరు కథలో వాడుకో, గేము టైటిల్‌గా పెట్టకు. ఏ కంపెనీ లోగో అంటించకు, వాళ్ల అండ ఉన్నట్టు చెప్పుకోకు. 'సర్వహక్కులూ మావే' అన్న షరతు మీద మాత్రం సంతకం పెట్టకు, ఎందుకంటే అది లాక్‌హీడ్ కూడా పెట్టలేని సంతకం. 'మాకు తెలిసినంతవరకు ఎవరి హక్కులకూ భంగం లేదు' అని మార్చమను. ముందు ఓ మంచి లాయర్‌కి చూపించు.

వాడు అలాగే రాసి పంపాడు. పబ్లిషర్ దగ్గర్నుంచి ఇంకా జవాబు రాలేదు. నిన్న మళ్లీ ఫోన్ చేశాడు.

"మామయ్యా, ఆట చివర్లో పేర్లు వేస్తాం కదా, విమానం కింద ఎవరి పేరు వేయమంటావు?"

"కాన్పూర్‌లో దాన్ని బిగించిన మెకానిక్‌ల పేర్లు దొరికితే వాళ్లవి వెయ్యి" అన్నాను. ఇప్పుడు వాడు అవి వెతికే పనిలో ఉన్నాడు.